కుడికి తిరిగిన మామిడిపిందె

గవర్నర్‌పేటలో సంపూర్ణమ్మ గారి ఆఫీసుకి ఆ సోమవారం పదకొండింటికి వచ్చిన మనిషికి ఒక కాలికే చెప్పు ఉంది. మే నెలలో బెజవాడ తారురోడ్డు మీద ఉత్తకాలితో నడవడమంటే కాలిన పెనం తొక్కడమే. ఆవిడకి మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు. బుర్ఖా ముసుగు వెనక్కి తోసి, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"సాయంత్రం ఆరింటికి మా ఆయన్ని పోలీసులకి అప్పజెప్తారంటండీ" అంది.

బ్లెస్సీ మంచినీళ్లిచ్చి, తన చెప్పులు విప్పి ఆవిడ కాళ్ల ముందు పెట్టింది. బ్లెస్సీ సంపూర్ణమ్మ గారి సహాయకురాలు. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మే రకం. సంపూర్ణమ్మ గారు ముప్పయ్యొక్క ఏళ్లు తపాలా శాఖలో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరయ్యారు. ఆ తర్వాత డిటెక్టివ్ బోర్డు పెడితే ఇరుగుపొరుగు నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు.

"కూర్చోమ్మా. మొదట్నించీ చెప్పు" అన్నారు సంపూర్ణమ్మ గారు.

వచ్చినావిడ పేరు షహనాజ్. భర్త కాశిం కంకిపాడు రోడ్డులో ఉన్న వనమాలి తోటలో గార్డు. తోట మధ్యలో పాత బంగళా ఉంది, అందులో చిన్న మ్యూజియం. కృష్ణా జిల్లా చేతిపనులన్నీ అక్కడ పెట్టారు. కాశిం తండ్రి దావూద్ సాహెబ్ పెడనలో కలంకారీ అచ్చులు చెక్కిన మనిషి. ఆయన పోయాక, ఆయన చెక్కిన ఆఖరి టేకు అచ్చుని కుటుంబం ఆ మ్యూజియానికిచ్చింది. అరచేయంత అచ్చు. దాని మీద ఒక మామిడిపిందె, గుడ్డ అంచున పడేట్టు ఆయన పేరు.

"నిన్న ఆదివారం మా అత్తమ్మని తోటకి తీసుకెళ్లామండీ. శనివారమే పెడన నుంచొచ్చింది. మ్యూజియంలో అచ్చు పెట్టాక ఆవిడ చూడ్డం ఇదే మొదలు. మా అర్ఫా, నాలుగో తరగతి, అద్దాల పెట్టెకి ముక్కు ఆనించి 'దావూద్, పెడన' అని తాత పేరు చదివేసింది. అందరం చప్పట్లు కొట్టాం. అత్తమ్మ మాత్రం చూసీ చూడ్డంతోనే కేక పెట్టింది. 'ఇది మాది కాదు, నన్ను చూసి మొహం తిప్పుకుంది' అంటూ అక్కడే కూలబడిపోయింది."

"మొహం తిప్పుకుందా?"

"అదే మాటండీ. కళ్లల్లో పొరలు, ఎండదెబ్బ అనుకున్నాం. మేనేజరు గారు ఊరుకోలేక పెట్టె తెరిచి చూశారు. అచ్చు వెనకాల మ్యూజియం వాళ్లు వేసిన నంబరు లేదు! నిజంగానే దొంగది. ఆ పెట్టెకి రెండే తాళంచెవులు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి మా ఆయన దగ్గర. ఈ సాయంత్రం ఆరింటికి తోట మూసేలోపు అసలుది తెచ్చివ్వకపోతే కంప్లయింటు ఇస్తానన్నారు. పదకొండేళ్ల నౌకరీ అండీ. కన్నతండ్రి చేతి పనిని దొంగిలించాడంటే ఆ మనిషి బతుకుతాడా?"

సంపూర్ణమ్మ గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఈ వేసవిలో మీరు ఎన్నిసార్లు వెళ్లారక్కడికి?"

"మూడుసార్లండీ. ఏప్రిల్లో బడికి సెలవులివ్వగానే ఒకసారి, మొన్న శుక్రవారం ఒకసారి, మళ్లీ నిన్న. గార్డు ఇంటివాళ్లకి టిక్కెట్టు లేదు కదండీ. మా మరిది అఫ్రాజ్ కార్లో తీసుకెళ్తాడు. బెజవాడలోనే ఇంటీరియర్ పనులు చేస్తాడు."

"ఫొటోలేమైనా ఉన్నాయా?"

"లోపల తీయనివ్వరండీ. మా ఆయన కూడా కళ్లు ఉరుముతాడు. మా అఫ్రాజ్ ఒక సెల్ఫీ మాత్రం కొట్టేశాడు, ఏప్రిల్లో." ఫోనులో కుటుంబం గ్రూపు తీసి చూపించింది.

బ్లెస్సీ తొంగి చూసింది. నవ్వుతున్న కుర్రమొహం, కుడివైపు జేబున్న చారల చొక్కా, భుజం మీదుగా అద్దాల పెట్టెలో అచ్చు. "పేరు కూడా చక్కగా పడింది మేడం. దావూద్, పెడన. నిన్న పాప చదివిందీ ఇదేగా. అంటే ఏప్రిల్లోనే దొంగది పెట్టేశారన్నమాట, ఇదీ అదీ ఒకటే కదా?"

సంపూర్ణమ్మ గారు ఆ ఫొటోని చాలాసేపు చూశారు. ఆ తర్వాత తన పాత తపాలా ఇంకుప్యాడు తీసి సంచిలో వేసుకుని, "ఆటో పిలువు" అన్నారు.

తోటలో చెట్ల కింద బిర్యానీ డబ్బాలు విప్పుకున్న కుటుంబాలు, ఉయ్యాలల దగ్గర పిల్లల గోల. మ్యూజియం గదిలో మాత్రం శవం లేచిన ఇంట్లో ఉన్నట్టుంది. కాశిం యూనిఫారంలోనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేదని మొహమే చెబుతోంది. మేనేజరు బంగార్రాజు చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"నాకేం సరదానా మేడం? కాశిం నాకు తమ్ముడి లెక్క. కానీ ట్రస్టు వాళ్లకి నేనేం చెప్పను? నా తాళంచెవి నా మొలతాడుకే ఉంటది."

"అచ్చు ఇక్కడికి వచ్చిన రోజు నంబరు వేసింది ఎవరండీ?"

"నేనే. ఈ చేతుల్తోనే."

"దాని మీద పేరు అప్పుడు చదివారా?"

బంగార్రాజు తల గోక్కున్నాడు. "గుర్తు లేదు మేడం. వెనకవైపే చూశాను."

సంపూర్ణమ్మ గారు అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లారు. పక్కనే గోడకి దావూద్ సాహెబ్ అద్దిన గుడ్డ వేలాడుతోంది. గుడ్డ మీద మామిడిపిందె తల కుడికి వంగి ఉంది. పెట్టెలో అచ్చు మీద పిందె తల కూడా కుడికే వంగి ఉంది. ఆవిడ రెండింటినీ మార్చి మార్చి చూసి, కాశిం వైపు తిరిగారు.

"తాళంచెవి నీ నడుముని ఎప్పుడైనా వదుల్తుందా నాయనా?"

"లేదు మేడం గారూ. నమాజుకి ఉజూ చేసేటప్పుడు తప్ప. బోరు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కోవాలి కదండీ, వాచీ, తాళాలగుత్తి తీసేస్తా."

"తీసి ఎక్కడ పెడతావు?"

"ఎవరూ లేకపోతే జేబులో. మనవాళ్లుంటే వాళ్ల చేతికిస్తా."

అంటూనే ఆగిపోయాడు. సంపూర్ణమ్మ గారు ఇంకేమీ అడగలేదు.

వరండాలో కాశిం తల్లి బేగం బీ గోడవైపు తిరిగి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. వేళ్ల సందుల్లో కరక్కాయ నలుపు ఎప్పటికీ పోని మచ్చగా ఉండిపోయింది.

"బేగం బీ గారూ, ఎన్నేళ్లు అద్దారు ఆ అచ్చుతో?"

"నా అచ్చే అమ్మా అది. ఆయన చెక్కాడు, నేను అద్దాను. ఆ పిందె ఎప్పుడూ నా ఎడమచేతి వైపు చూసేది. నిన్న అటు తిరిగిపోయింది. పిచ్చిదాన్నంటున్నారు నన్ను."

"మీరు పిచ్చివారు కారు. మీ ఇంట్లో కళ్లున్నది మీకొక్కరికే" అన్నారు సంపూర్ణమ్మ గారు.

అయిదింటికి అందర్నీ అద్దాల పెట్టె చుట్టూ నిలబెట్టారు. కాశిం, షహనాజ్, బంగార్రాజు, అఫ్రాజ్. బేగం బీకి స్టూలు వేశారు. అర్ఫాని ఉయ్యాలల దగ్గరికి పంపేశారు. బంగార్రాజు దొంగ అచ్చు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను జన్మంతా తపాలా ముద్రలు కొట్టాను" అని మొదలుపెట్టారు సంపూర్ణమ్మ గారు. "ముద్ర మీద ఊరి పేరు ఎప్పుడూ తిరగబడి ఉంటుంది. అలా ఉంటేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. ఇప్పుడు చూడండి."

ఇంకుప్యాడు మీద అచ్చు అద్ది, తెల్లకాగితం మీద నొక్కి ఎత్తారు. కాగితం మీద మామిడిపిందె ఎడమకి వంగింది. కింద దావూద్ పేరు తిరగబడి, ఎవరికీ చదవడానికి రాకుండా పడింది.

షహనాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బంగార్రాజు "ఓరి దేవుడో!" అన్నాడు. బ్లెస్సీ కాగితం లాక్కుని చూసింది. పొద్దుట్నించీ అందరూ, తనతో సహా, చక్కగా చదివి మురిసిపోయిన ఆ పేరే అది దొంగదని చెబుతోంది!

"అసలు అచ్చు మీద పేరు పిల్ల చదవగలిగేట్టు ఉండదు. మరి ఈ దొంగది దేన్ని చూసి చేశారు? తాళంచెవి ఉన్నవాడికి ఫొటోతో పని లేదు. అచ్చునే తీసి నమూనాగా ఇస్తాడు, అది తిరగబడి ఉన్నది ఉన్నట్టే వస్తుంది. కాబట్టి కాశిం కాదు, బంగార్రాజు గారు కాదు. దీన్ని ఫొటో చూసి చేయించారు. ఆటోనగర్లో ఫొటో ఇస్తే చెక్క మీద చెక్కే మిషన్లు ఉన్నాయి."

"మరి ఫొటోలో కూడా పేరు తిరగబడే ఉండాలిగా మేడం?" అంది బ్లెస్సీ.

"మామూలు ఫొటో అయితే ఉండాలి. చొక్కా జేబు ఎటువైపు ఉంటుంది బ్లెస్సీ?"

"ఎడమ..." బ్లెస్సీ మాట సగంలో ఆగింది. "సెల్ఫీలో కుడివైపుంది!"

"కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో బొమ్మలా తిప్పి దాచుకుంటాయి. జేబు కుడికొచ్చింది, పిందె కుడికి తిరిగింది, పేరు తిన్నగా వచ్చింది. ఏప్రిల్లో ఇక్కడున్నది అసలు అచ్చే. నిన్నటిలోపు మీవాళ్లు మళ్లీ వచ్చింది శుక్రవారమే. ఆ మధ్యాహ్నం, మ్యూజియంలో ఎవరూ లేని వేళ, కాశిం ఉజూకి వెళ్తూ తాళాలగుత్తి ఒకరి చేతిలో పెట్టాడు. పరాయివాడి చేతిలో కాదు."

కాశిం తల వంచుకునే, "అఫ్రాజ్... నువ్వు కాదని చెప్పరా. ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు.

అఫ్రాజ్ కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"భాయ్, నీ మీదకొస్తుందనుకోలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర రిసార్టు పని నాకు రావాలంటే పాత అచ్చొకటి కావాలన్నారు, గోడకి పెట్టడానికి. రెండూ ఒకలాగే ఉన్నాయిగా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. ఇంకా ఇవ్వలేదు. కార్లోనే ఉంది, వెనక సీటు కింద."

షహనాజ్ అత్తగారి వైపు చూసింది. నిన్న వెనక సీట్లో కూర్చుని వచ్చింది బేగం బీ. భర్త చేతిపని తన కిందే ఉండగా, లేదని ఏడుస్తూ ఇంటికి వెళ్లింది.

కాశిం కొడతాడేమోనని బ్లెస్సీ భయపడింది. అతను కొట్టలేదు. కారు దగ్గరికి వెళ్లి, తువ్వాల్లో చుట్టిన అచ్చుని రెండు చేతులతో తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు. ఆవిడ దాని మొహం తడిమింది. పిందె ఎడమకే చూస్తోంది. అప్పుడు చిన్నకొడుకు వైపు తలెత్తింది.

"ఒకలాగే ఉన్నాయా బేటా? అచ్చుని తిరగేసి చెక్కుతారని నీకు తెలీదా? పెడనలో మేకలు కాసేవాడికి కూడా తెలుసు కదరా!"

అఫ్రాజ్ తల తిప్పుకుని గోడ మీది గుడ్డ వైపు చూశాడు.

"తప్పు నాది" అంది బేగం బీ, అందరికీ వినబడేట్టు. "వీడి చేతులకి రంగంటకూడదని ఆరేళ్లప్పుడే బెజవాడ పంపేశాను. ఒక్కరోజు కూడా అచ్చు పట్టనివ్వలేదు. ఇటు రా."

అతని చేతిలో అసలు అచ్చు పెట్టింది. తపాలా ఇంకుప్యాడు జరిపి, "అద్దు" అంది. అతను అద్దాడు, కాగితం మీద నొక్కాడు. సగం మసకగా, వంకరగా పడింది. కానీ పిందె కుడికి వంగింది.

"చదువు."

"దావూద్..." అన్నాడు అఫ్రాజ్. సిరా అంటిన చేతుల్లోనే మొహం దాచుకున్నాడు.

గోడ గడియారంలో ఆరు కావడానికి పది నిమిషాలుంది. బంగార్రాజు పొద్దుటే కాశిం పేరు రాసి పెట్టుకున్న కంప్లయింటు కాగితం వైపు, కాశిం వైపు చూశాడు. కాశిం రెండు చేతులూ జోడించాడు.

"సరుకు దొరికింది కదా. ఎవరో తెలీలేదని రాసేద్దామా అమ్మా?" అన్నాడు బంగార్రాజు, బేగం బీతో మెల్లిగా.

బేగం బీ అచ్చుని కొంగుతో తుడిచి, అద్దాల పెట్టెలో తనే పెట్టింది.

"వద్దు బాబూ. నా పెద్దకొడుకు పేరు కొట్టేసి, చిన్నోడి పేరు రాయండి" అంది. "తిరగేసి రాయకండి. తిన్నగా రాయండి."