నాలుగు వేళ్ల టాపు

రామన్నపేట బాటలో రాళ్లవాగు ఉంది. చీకటి పడ్డాక కప్పున్న బండి ఏదీ ఆ వాగు దాటకూడదంటారు. కచ్చడం బండైనా, పెండ్లి బండైనా ఒడ్డున ఆపి, పైన కప్పిన గుడ్డ తీసి మడిచి, పెండ్లి పిల్ల నెత్తిన వాన పడుతున్నా సరే, అట్లాగే దాటిస్తారు. తియ్యకపోతే... లోపల ఎవరో కూర్చుని, అరచేత్తో కప్పును పైకి నెడతారట.

నవ్వేవాళ్లు నవ్వండి. మా మేనమామ సైదులు నోట వినేదాకా నేనూ నవ్వినవాణ్నే. ఈ మాట పుట్టిన రాత్రి ఆ వాగు ఒడ్డున మోటరు నడుపుతున్నది ఆయనే.

మా ఊరి దొరకు టాపు తీసే మోటరు ఒకటి ఉండేది. బట్ట టాపు. దాన్ని వెనక్కి మడిచి, మీసం గాలికి ఆరబెట్టుకుంటూ ఊరేగేవాడు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న ఏడు, చాకలి ఐలేశం ఇక గడిలో వెట్టి చెయ్యనన్నాడు, సంఘం జెండా పట్టాడు. ఒక మిట్టమధ్యాహ్నం దొర అతన్ని మోటరెక్కించుకుని, మండే ఎండలో టాపు వేసుకుని, తానే నడుపుకుంటూ పోయాడు. మోటరు తిరిగొచ్చింది. ఐలేశం రాలేదు.

అతని పెండ్లాం సుక్కమ్మది చెప్పుకోలేని బాధ. మొగుడు ఉన్నాడంటే బొట్టు పెట్టుకోవాలి, పోయాడంటే గాజులు తియ్యాలి. శవం లేదు, దినాలు లేవు. నెత్తి కొట్టుకుని ఏడవడానికి గుప్పెడు మన్ను లేదు. మనిషి ఏమయ్యాడో చెప్పమని కనిపించిన ప్రతివాణ్నీ అడిగింది. ఎవరికి తెలుసు?

ఊరు సంఘం చేతికి వచ్చినప్పుడు దొర పట్నం పారిపోయాడు. పోలీసు యాక్షన్ అయ్యాక మిలిటరీ వెనకే దిగాడు, నెత్తిన తెల్లటోపీ పెట్టుకుని! టోపీ మారింది గానీ దాని కింది తలకాయ మారలేదు.

వచ్చీ రాగానే మోటరు కొట్టం తెరిపించాడు. టాపు బూజు పట్టి, ఎలుకలు కొరికి, కంపు కొడుతోంది. కొత్త డ్రైవరుగా కుదిరిన మా మామ, పట్నంలో తెలిసినవాళ్లకు చూపిద్దామన్నాడు.

"బట్టే గదరా! బట్టంటే చాకలోళ్ల పని. సుక్కిని బిలువు," అన్నాడు దొర.

ఎవరిని పిలిపిస్తున్నాడో ఆ మదానికి గుర్తు కూడా లేదు.

ఆమె ఉమ్మేసి పోతుందనుకుంది ఊరంతా. ఆమె వచ్చింది. ఒక్క మాట అడిగింది.

"మా ఇంటాయన యాడున్నడు దొరా? జర చెప్పుండ్రి."

దొర నవ్వాడు. "బొంబయి వారిపోయిండు. గాడ ఇంకోదాన్ని ఉంచుకొని ఉంటడు. పని జూస్కో, పో."

ఆమె పని చూసుకుంది. టాపును చట్రం నుంచి విప్పదీసి, దులిపి, కుంకుడు నురగలో నానబెట్టి, కొబ్బరిపీచుతో మెల్లగా రుద్దింది. కడుపులో అంత మంట ఉన్నా బండకేసి కొట్టలేదు. ఎలుకలు కొరికిన చోట అతుకులు వేసింది. నీడన ఆరాక, మామ తెచ్చిన మైనం అవిసె నూనెలో కరిగించి, వాన దిగకుండా పైన పట్టించింది.

"ఛీ! వానికా ఊడిగం జేస్తవ్?" అని వాడకట్టు ఆడవాళ్లు తిట్టారు. ఆమె మైనం పట్టిస్తూనే ఉంది.

టాపును మళ్లీ చట్రానికి బిగించడానికి మామ సాయం పట్టాడు. లోపలి అస్తరు తాను సవరించుకుంటానని, అతన్ని అన్నానికి పంపింది. అతను తిని వచ్చేసరికి టాపు వెనక్కి మడిచి, పట్టీలు కట్టేసి ఉంది.

మరునాడు దొర టాపు తీసిన మోటరులోనే రామన్నపేటకు విందుకు పోయాడు. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. రాళ్లవాగు ఒడ్డుకు చేరేసరికి వాన అందుకుంది.

"టాపెయ్‌రా సైదులూ!"

మామ మోటరు ఆపి టాపు వేశాడు. పైన వాన దంచుతోంది, లోపలికి చుక్క దిగలేదు. దొర మురిసిపోయాడు. సిగరెట్టు నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల గీశాడు...

పుల్ల వేళ్లదాకా కాలింది. సిగరెట్టు అంటుకోలేదు.

దొర పైకి చూస్తున్నాడు. ఇంకో పుల్ల గీశాడు. మామ వెనక్కి తిరిగి చూశాడు.

దొర నెత్తికి జానెడు ఎత్తున, అస్తరు మీద... ఒక అరచెయ్యి. నల్లగా. ఊపిరాడని మనిషి కప్పును పైకి నెట్టినట్టు. నాలుగే వేళ్లు. చిటికెన వేలు లేదు.

ఐలేశానికి కుడి చిటికెన వేలు లేదు. చిన్నప్పుడే బండి చక్రం కింద పోయింది. ఊళ్లో అందరికీ తెలుసు.

దొర రుమాలుతో తుడిచాడు. గోటితో గీకాడు. పోలేదు. గాలి కొట్టినప్పుడల్లా టాపు కిందికి దిగుతోంది — ఆ చెయ్యి ముఖం మీదికి వస్తోంది... పోతోంది... మళ్లీ వస్తోంది...

"సైదులూ..." గుసగుసగా అన్నాడు దొర. "నీక్కూడా కనవడ్తాందారా?"

మామ తలూపాడు. "కనవడ్తాంది దొరా."

అంతే — దొర గొంతు చీలిపోయింది.

"నువ్వు లెవ్వు! సున్నపు బట్టీల బూడ్చిన గదరా నిన్ను! గీ వాగు పక్కన్నే... నా చేతులతోని బూడ్చిన! ఎట్లొచ్చినవ్‌రా!"

తలుపు తన్నుకుని చీకట్లోకి ఉరికాడు. "అటు వద్దు దొరా, వాగొస్తాంది!" అని మామ అరిచాడు. ఎగువన పడ్డ వాన అప్పటికే వాగై దూకుతోంది. ఒక్క కేక వినిపించింది. తర్వాత నీళ్ల చప్పుడే.

తెల్లారి దొర తుమ్మకంపకు తట్టుకుని దొరికాడు. నాకైతే అయ్యో అనిపించలేదు, అనిపించిందని అబద్ధమెందుకు చెప్పాలి?

మామ చెప్పిన గుర్తు పట్టి పాత సున్నపు బట్టీ తవ్వారు. ఐలేశం అక్కడే ఉన్నాడు.

సుక్కమ్మ ఆ గుంత ఒడ్డున కూలబడి, ఇన్నాళ్ల ఏడుపూ అప్పుడు ఏడ్చింది. తర్వాత చేతులెత్తి గాజులు రాతికేసి కొట్టుకుంది. మామ చూపు ఆమె కుడి చేతి మీద ఆగిపోయింది. అరచెయ్యంతా బొబ్బలు లేచి తోలు ఊడుతోంది. నాలుగు వేళ్లూ అంతే. చిటికెన వేలు ఒక్కటే బాగుంది.

చాకలి ఇండ్లలో ఎవరి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెడతారు. బట్ట చిరగాలి గానీ ఆ గుర్తు పోదు. ఒంటికి తగిలితే మాత్రం నిప్పే.

మామ ఆమె పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"దొరే సంపిండని నీకు ముందే తెల్సా సుక్కమ్మా?"

ఆమె కొంగుతో ఆ చెయ్యి కప్పుకుంది.

"తెల్వదు సైదులన్నా. సంపనోడైతే... గా చెయ్యి ఎవలిదని అడుగుతుండె."