గంజి ఆవిరి

ఉదయం ఏడింటికి నీలవేణి తడిగుడ్డతో ఆసుపత్రిలోని మాట్లాడే స్మృతిగోడను తుడుస్తుంటే, అది రోజూలాగే తన చరిత్ర అప్పజెప్పింది.

“మొదట రెండు రేకుల గదులు, నాలుగు మంచాలు, ఒక నర్సు. తల్లి చెప్పిన మాట నోటుపుస్తకంలో రాసుకుని, దాన్నిబట్టే మంచం ఇచ్చేది. తర్వాత నలభై మంచాలు. వరద ఏడాది మేడ లేచింది. ఇప్పుడు ఏటిగట్టు పిల్లల ఆసుపత్రికి పన్నెండు అంతస్తులు, గేటు దగ్గర ఎవరికి మంచమో తేల్చే యంత్రం ద్వారజ్ఞ.”

ఆ తర్వాతి మాట వచ్చేసరికి ఆమె చెయ్యి ఎప్పుడూ గట్టిగా రుద్దుతుంది.

“పద్దెనిమిదేళ్ళ క్రితం ఒక తల్లి, పిల్లల ఒంటి వేడి కొలిచే జ్వరబిళ్ళను గంజి ఆవిరిలో పెట్టి మంచం సంపాదించింది. ఉపాయం పక్కవాళ్ళకూ చెప్పింది. నెలలో ముప్పైనాలుగు మంది అదే చేశారు. ద్వారజ్ఞ తల్లిమాట తూకాన్ని నూటికి నలభై నుంచి రెండుకు దించింది. ఆ తల్లి పేరు తెలియదు. సవరణ ఉందా?”

“లేదు,” అంది నీలవేణి.

తొమ్మిదేళ్ళుగా ఇదే జవాబు. ఎవరైనా పేరుతో సవరణ చెబితే ఆ తూకం ఆగిపోతుంది. మళ్ళీ లెక్క తేలేదాకా గేటు దగ్గర పిల్లల్ని మనుషులే చూడాలి. ఆ నియమం ఆమెకు కంఠతా వచ్చు. ఆ పేరూ వచ్చు.

పద్దెనిమిదేళ్ళ క్రితం, ఇక్కడికి తెచ్చే ముందు వారం, ఆమె కొడుక్కి ఫిట్స్ వచ్చింది. తెచ్చిన పూట మాత్రం వాడికేమీ లేదు. మళ్ళీ వస్తే, దారిలో వస్తే, తను నిద్రపోతుండగా వస్తే అన్న భయమే. బిళ్ళ మీద భయం కనబడదు. అందుకే క్యాంటీన్ నుంచి గంజి గ్లాసు తెచ్చింది. పక్కనున్న ఆమెకు నేర్పినప్పుడు సాయం చేస్తున్నాననే అనుకుంది. వాడిప్పుడు లాంచీ నడుపుతున్నాడు. వాడికీ ఈ సంగతి చెప్పలేదు.

టీ గ్లాసుతో ఆమె గేటు వైపు వచ్చేసరికి అక్కడ గొడవగా ఉంది.

“జ్వరం లేదు. ఇంటికి వెళ్ళవచ్చు,” అంటోంది ద్వారజ్ఞ, మూడోసారి.

“దాని ఏడుపు మారిపోనాది బాబూ! పాలు నోట్లో ఎట్టుకోట్లేదు,” అంటోంది ఒక చిన్న వయసు తల్లి, పసిదాన్ని గుండెకు అదుముకుని.

గేటు కాపలా అప్పన్న నవ్వాడు. “పిల్ల ఏడుపు నాకినబడ్లేదు గానీ, పొద్దుట్నించీ నీ ఏడుపే ఇంటన్నాను. ఎల్లమ్మా, ఎనకాల జనం ఉన్నారు.”

నీలవేణి పసిదాని అరచేతిలో వేలు పెట్టింది. ఆ చెయ్యి వేలిని పట్టుకోలేదు.

“నీ పేరేటమ్మా?”

“తవిటమ్మ. అక్కా, ఆ టీ గ్లాసు ఓపాలి ఇయ్యవా? ఆవిర్లో ఎడితే బిళ్ళ ఎక్కుతాదంట. మా అత్త సెప్పింది.”

నీలవేణి గ్లాసు వెనక్కి లాక్కుంది. ఎక్కదు. ఇప్పటి బిళ్ళ ఆవిరిని పసిగడుతుంది. పట్టుబడిన బిడ్డకు ఆ రోజంతా గేటు తెరుచుకోదు. తను నేర్పిన మాట ఊళ్ళు తిరిగి, ఈ పసిదాన్ని చంపడానికి మళ్ళీ తన గ్లాసు దగ్గరికే వచ్చింది.

టీ నేల మీద పారబోసింది.

“అయ్యో, అలా పారబోసీసినావేటే?” అన్నాడు అప్పన్న.

ఆమె వెనక్కి నడిచి గోడ ముందు నిలబడింది. ఉద్యోగం పోతుంది. కొడుకు వింటాడు. ఊరంతా వింటుంది.

“సవరణ ఉంది,” అంది. “ఆ తల్లిని నేనే. బొడ్డేపల్లి నీలవేణి. నా కొడుక్కి ఆ పూట జ్వరం లేదు. అబద్ధం నాది. నేర్పిందీ నేనే. తర్వాత వచ్చిన తల్లుల తప్పేమీ లేదు.”

గోడ ఆ మాటల్నే, ఆమె గొంతుతోనే, పన్నెండు అంతస్తుల్లోనూ వినిపించింది. ద్వారజ్ఞ మాట మధ్యలోనే మూగబోయింది. గేటు తెరుచుకుంది.

అప్పన్న ఆమెను చూసి చూపు తిప్పుకున్నాడు. వరుసలో ఒక ముసలామె గట్టిగానే అంది: “ఓసి, నువ్వేనేటే! ఆ యేడు నా మనవణ్ణి ఇక్కడినుంచే తరిమీసినారు.” నీలవేణి తల ఎత్తలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది, ఆ మనవడు ఉన్నాడా అని.

ఒక కుర్ర డాక్టరమ్మ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. బిళ్ళ చూడబోయి, అది ఆరిపోయి ఉంటే ఏం చేయాలో తోచక, చివరికి తవిటమ్మ ముఖంలోకి చూసింది.

“ఏమైందమ్మా? నువ్వు చెప్పు.”

తవిటమ్మ చెప్పసాగింది. డాక్టరమ్మ కాగితం కోసం జేబులు తడుముకుంది, దొరకలేదు. పెన్ను తీసి, తన అరచేతి మీదే రాసుకుంది: ఏడుపు మారింది.