నాది కాని స్టాపు

జోరుగా వాన. శామీర్‌పేట షేర్ ఆటోలోంచి నవ్యశ్రీ దిగి, తడుస్తూ వచ్చిన దారినే వెనక్కి నడుస్తోంది.

"అటెందుకు పోతున్నది?" ఆటోలో నా పక్కనున్న పూజను అడిగాను. ముగ్గురం ఒకే ఎమ్మెస్సీ క్లాసు.

"దానిల్లు కిలోమీటర్ వెనకనే ఉంది. ఆపుమని అనెతందుకు దానికి నోరు రాదు. ఎవరన్న దిగితే ఆల్ల ఎంబడి దిగుతది."

క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి! పదిమందిలో ఒక్క మాట అనాలంటే మాత్రం చేతులు చల్లబడతాయట.

మర్నాటి నుంచి ఆమె కాలనీ రాగానే నేనే "ఆపన్నా!" అని అరిచి దిగేవాణ్ణి. వెనకే ఆమె దిగేది. మా ఇల్లు ఇంకా మూడు కిలోమీటర్లు. అయితేనేం, దిగేటప్పుడు నన్ను చూసి ఒక నవ్వు నవ్వేది మరి!

మూడు నెలలయ్యాక, డ్రైవర్ గౌరయ్య నా కొంప ముంచాడు.

"ఏంది పరమేశ్, శామీర్‌పేటల ఇల్లు పెట్టుకొని రోజు గీడ దిగుతవేంది?"

ఆటో వెళ్లిపోయింది. నవ్యశ్రీ ముఖం కందిపోయింది.

"నా మీద జాలా?"

"అయ్యో, జాలి గాదు!"

"మరేంటి?"

నేను ఆటో పోయిన వైపు చూస్తూ నిలబడ్డాను.

"కొత్తవాళ్ల ముందు రోజుకో మాటైనా పైకి అనమని కాలేజీలో కౌన్సెలింగ్ మేడమ్ చెప్పారు. మీరు అరుస్తుంటే నేనెప్పుడు నేర్చుకుంటాను? రేపు అరవకండి."

మర్నాడు నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమెకు ఆ మాట వచ్చేస్తే ఇక నాతో పనేముంది? దిగులుగానే ఉంది. కాలనీ దగ్గరపడింది. ఆమె బ్యాగును గట్టిగా పట్టుకుంది.

"ఆపండి!"

గౌరయ్య అదిరిపడి బ్రేకు తొక్కాడు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె మాత్రం కదల్లేదు.

"దిగు బిడ్డా!"

"దిగనండీ. అనగలనో లేదో చూసుకున్నాను. పోనివ్వండి, శామీర్‌పేట దాకా వస్తాను."

ఆటో అంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

శామీర్‌పేటలో ఇద్దరం దిగాం.

"నిన్న అడిగినదానికి జవాబేది?"

"గదీ... నేను... మస్తు భయమైతాంది."

"అయితే నేనే చెప్పనా? నాకు మీరంటే ఇష్టం, పరమేశ్!"

గొంతు ఏమాత్రం తగ్గించలేదు. స్టాపులో ఉన్నవాళ్లందరూ మా వైపు తిరిగారు. నేను తల వంచుకుని, నా చెప్పులతో అన్నట్టు, "నాకు గూడ," అన్నాను.