ఇంటికొక మాస్కు

గుండుసూది పాత టూత్‌బ్రష్‌తో మాస్కు జాలీలో ఇరుక్కున్న బూడిదను రుద్దుతోంది. రోజూ పొద్దున్నే చేసే పనే. ఎంత రుద్దినా నీళ్ళు నల్లగానే దిగుతాయి.

బాంబులు పడ్డాక మిగిలినవాళ్ళంతా నేలమాళిగల్లోకి దిగారు. బయటి గాలి పీల్చకూడదు కాబట్టి కమిటీవాళ్ళు ఇంటికొక మాస్కు, పాదాల దాకా దిగే కోటు ఇచ్చారు. ఇంట్లో ఎవరికి బయట పని ఉంటే వాళ్ళు తగిలించుకుని వెళ్ళాలి. అందులోంచి మాట వినపడదు. ఎంత అరిచినా బుస్సుమనే శబ్దమే వస్తుంది. కోటులో లావూ సన్నమూ తెలియదు. అందుకని బయట ఎవరూ మనుషులను గుర్తుపట్టరు, మాస్కు మీది అతుకును గుర్తుపడతారు. గుండుసూది వాళ్ళ మాస్కుకు నల్ల టేపు.

ఆ మాస్కులకు అతుకులు వేసేది ఆమె నాన్నే. సూదుల మధ్య పెరిగింది, మాటా అలాగే గుచ్చుకుంటుంది. అందుకే ఆ పేరు.

తలుపు తట్టారు. తీస్తే ఎదురుగా పచ్చ అతుకు మాస్కు.

ఆమె చేతిలోని బ్రష్ జారి బకెట్లో పడింది. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎన్నాళ్ళుగానో తను ప్రేమిస్తున్న మాస్కు అది!

లోపలికొచ్చి మాస్కు విప్పాడు. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది. ముక్కు మీద రబ్బరు అచ్చు పడింది. పర్లేదు, బాగానే ఉన్నాడు అనుకుంది.

"రేడియేషన్ మీటరండీ. ఇల్లు చెక్ చేయాలి."

చేతిలోని పెట్టె గోడ దగ్గర నెమ్మదిగా టిక్కుమంది. ఆమె దగ్గరకు తేగానే టకటకా మోగింది.

"చూశారా, మీ దగ్గరకొస్తేనే ఇది ఇలా కొట్టుకుంటోంది," అన్నాడు సిగ్గుపడుతూ.

"తల దులుపుకోలేదు. నిన్నటి బూడిద."

"నేను రొమాంటిక్‌గా అన్నానండీ."

"నేను సైంటిఫిక్‌గా అన్నాను. అయినా నిన్న ట్యాంకు దగ్గర చెయ్యి పట్టుకుంటే అంతసేపు ఊరుకుని, ఇవాళ కొత్తగా ఈ అండీ ఏమిటి?"

మీటరబ్బాయి తెల్లబోయాడు. "నిన్న నేను బయటికే రాలేదండీ. మాస్కు మా నాయనమ్మ వేసుకెళ్ళింది."

"మొన్న?"

"నాయనమ్మే. నీళ్ళ డ్యూటీ ఆవిడది, మీటరు డ్యూటీ నాది."

గుండుసూది గోడకు చేరగిలబడింది. "లైన్లో నాకు ముందు చోటిచ్చింది?"

"నాయనమ్మ."

"భుజం మీద బూడిద దులిపింది?"

"ఆవిడే. ఎవరి మీద దుమ్ము కనిపించినా చెయ్యి ఆగదు."

"మాస్కు అద్దం మీద వేలితో హార్ట్ గీశాను కదా!"

"ఓ, అది మీరా! 'నల్ల టేపు పిల్ల నా అద్దం మీద ఆకు గీసిందిరా, పాపం చెట్లు గుర్తొచ్చాయి కాబోలు' అని ఇంటికొచ్చి కళ్ళు తుడుచుకుంది."

గుండుసూదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ నిద్ర మానుకుని తలచుకున్నది ఒక ముసలావిడనన్నమాట.

"మరి మీరు చేసిందో?" అన్నాడతను ఉక్రోషంగా. "సాయంత్రాలు నేను గోడల మీద సుద్దతో రీడింగ్ రాస్తుంటే ఎదురొస్తారు. నేను ఫ్లయింగ్ కిస్ ఇస్తాను. మీరు చెప్పు తీసి చూపిస్తారు. ఆ కోపమంటే నాకెంత ఇష్టమో!"

"చెప్పు చూపిస్తే ప్రేమనుకున్నారా?"

"మాస్కులో ఏది ఏమిటో ఎవరికి తెలుసండీ?"

"సాయంత్రాలు నేను బయటికి రాను. రబ్బరు ముక్కలు ఏరుకోవడానికి మా నాన్న వెళ్తాడు."

మీటరబ్బాయి ముఖం సుద్దముక్కలా పాలిపోయింది.

"నిజానికి నేను ఇవాళ చెకింగ్‌కి రాలేదు," అన్నాడు చివరికి. "రేపు మా ఇంటిని వంతెన అవతలి సొరంగానికి మారుస్తున్నారు. అటు వెళ్ళినవాళ్ళని మళ్ళీ ఇటు రానివ్వరు. పెళ్ళి మాట ఖాయమైన ఇళ్ళని మాత్రం విడదీయరట. అడుగుదామని వచ్చాను. ఇప్పుడేం అడగను? మీ నాన్నగారిని ఇచ్చి పెళ్ళి చేయమనా?"

"నేను మీ నాయనమ్మని చేసుకుంటాలే. ఆవిడైతే లైన్లో చోటన్నా ఇస్తుంది."

అతను నవ్వలేదు. మాస్కు తీసుకుని తలుపు వైపు తిరిగాడు. సూదిలాంటి మాట మళ్ళీ తన నోట్లోంచే వచ్చినందుకు ఆమె పెదవి కొరుక్కుంది.

"నల్లవాన పడిన రోజు?" అంది గబుక్కున.

ఆ రోజు బొట్టు పడితే కోటుకు చిల్లే. అందరూ పరుగులు తీశారు. ఆమె ఒక్కతే నీళ్ళ డబ్బాతో నడివీధిలో ఉండిపోయింది. పచ్చ అతుకు మాస్కు ఎక్కడి నుంచో తుప్పు రేకు ఒకటి ఎత్తుకొచ్చి ఆమె తల మీద పట్టింది. వాన రేకు మీద డప్పు వాయించింది. ఇద్దరి అద్దాలకూ ఆవిరి కమ్మింది. ఒకరికొకరు కనపడకుండానే వాన వెలిసేదాకా చూసుకుంటూ నిలబడ్డారు.

"రేకు పట్టుకున్నది ఎవరు?"

"వానొస్తే నాయనమ్మ గడప దాటదు, మోకాళ్ళు. నేనే. తర్వాత రెండ్రోజులు చెయ్యి పైకి లేవలేదు." అతను తిరిగి చూశాడు. "రేకు కింద ఉన్నది... మీ నాన్నగారా?"

"నేనే! మీ అద్దం కూడా తుడిచాను. ఎంత తుడిచినా ఆవిరి పోదే!"

"ఆవిరి లోపలుంటే బయట తుడిస్తే ఎలా పోతుందండీ?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ముఖాలతో నవ్వుకోవడం అదే మొదటిసారి కాబట్టి ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియలేదు.

"అయితే మన ప్రేమ మొత్తం ఒక్కరోజుదే," అన్నాడు.

"మిగతాదంతా పెద్దవాళ్ళే నడిపించారు."

"ఒక్కరోజు సరిపోతుందంటావా?"

గుండుసూది జుట్టు విప్పి బాగా దులుపుకుంది. "ఇప్పుడు పెట్టి చూడు మీటరు."

పెట్టాడు. నిశ్శబ్దం.

"ఏమీ మోగట్లేదే!"

"మోగకపోతేనే మంచిది. ఎక్కువకాలం బతుకుతాం."

గది మూలనున్న పరదా కదిలింది. పళ్ళ మధ్య సూదితో నాన్న బయటికొచ్చాడు. అంతా విన్నట్టే ఉన్నాడు.

"ఆ పచ్చ అతుకు వేసింది నేను. వేసిన పాపానికి ముద్దులు కూడా నాకేనా?"

"సారీ మామయ్యా!"

"మామయ్య ఎవరు?"

"అంటే... అండీ."

"నీ భయానికి చెత్తగుట్ట చుట్టూ తిరిగి వెళ్తున్నానురా. మొన్న కల్లోకి కూడా వచ్చావు."

"నాన్నా," అంది గుండుసూది. "రేపు వీళ్ళు వెళ్ళిపోతారు."

ఆమె గొంతు అంత మెత్తగా పలకడం ఆయన ఎప్పుడూ వినలేదు. నోట్లోని సూది తీసి కాలరుకు గుచ్చుకున్నాడు. కూతురి వైపు చూశాడు, కుర్రాడి వైపు చూశాడు, పరదా వెనక్కి వెళ్ళిపోయాడు. బట్టల పెట్టె మూత కిర్రుమంది.

"చెప్పు కోసమా?" గుసగుసగా అడిగాడు మీటరబ్బాయి.

"చెప్పు కాలికే ఉంది."

నాన్న తెల్లచొక్కాతో బయటికొచ్చాడు. యుద్ధానికి ముందు ఇస్త్రీ చేయించి దాచుకున్నది, మడతలు ఇంకా చెదరలేదు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. దువ్వెన తడిపి పాపిడి తీసుకున్నాడు. చెదిరిందనుకుని మళ్ళీ తీసుకున్నాడు. ఆ పైన పాదాల దాకా కోటు తొడుక్కున్నాడు. చొక్కా పోయింది. మాస్కు తగిలించుకున్నాడు. పాపిడీ పోయింది.

"ఎక్కడికి నాన్నా?"

తలుపు తీసుకుని మెట్లెక్కాడు. రబ్బరు ఏరుకునే చెత్తగుట్ట వైపు తిరగలేదు. మీటరబ్బాయి ఇల్లున్న వైపు తిరిగాడు.