మైకు ఆటోలో మూడో ఫైల్

"గీ ప్రోగ్రామ్‌కు సంతకం పెట్టిన మహానుభావుడు ఎవడు సార్? ఇస్రాయేలు సచ్చిపోతే ఆ రక్తం మీ ఏసీ రూములకే అంటుతది!"

ఫోన్‌లో అరుస్తూనే ఏజెంట్ నిరోష 'నల్లమల' ఫోల్డర్ మళ్లీ తెరిచింది. ఖాళీ. అచ్చంపేటలో ఆమె వేషం మైకుసెట్టు దుకాణం ఓనర్. దుకాణం కంప్యూటరే కంట్రోల్ రూమ్.

హైదరాబాద్‌లో చీఫ్ తడబడ్డాడు. "మెల్లగా చెప్పు."

"ఇస్రాయేలు బొత్తాం రికార్డర్ అందింది. కోమల బేరం మొత్తం అందులనే ఉంది. మీ ప్రోగ్రామ్‌ల మామూలు ఆడియో ఫైల్‌గ మార్చిన. సేవ్ అయిందంటది. ఫైల్ లేదు!"

కోమల. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, డిపార్ట్‌మెంట్ ఐడీ. నల్లమల రాడార్ మ్యాప్‌లను విదేశీ ముఠాకు అమ్ముతున్న డబుల్ ఏజెంట్. సాయంత్రం ఫ్లైట్ ఎక్కేస్తుంది. ఆమె కారు డ్రైవర్ ఇస్రాయేలు మన మనిషని ఆమెకు తెలియదు.

నిరోష పరీక్షకని రెండు సెకన్లు దగ్గి రికార్డ్ చేసి, అదే ప్రోగ్రామ్‌లో మార్చింది. ఈసారి గత పది నిమిషాల్లో పుట్టిన ఫైళ్లన్నీ వెతికింది. దగ్గు, పక్కనే ఇస్రాయేలు ఫైల్, రెండూ యాడ్స్ ఫోల్డర్‌లో!

ఇంగ్లిష్ పేరుతో ఇంకో ఫోల్డర్ పెట్టి చూసింది. దగ్గు బుద్ధిగా అందులోనే పడింది. తెలుగులో 'నల్లమల' అని రాసిన ఫోల్డర్‌ను ఆ ప్రోగ్రామ్ చదవలేదు. చదవలేనని చెప్పదు కూడా. అంతకుముందు వాడిన ఫోల్డర్‌లో గుట్టుగా పడేస్తుంది.

ఊరంతా ప్రకటనలు వినిపిస్తూ తిరిగే మైకు ఆటో నాగేందర్ రోజూ యాడ్స్ ఫోల్డర్‌ను మొత్తానికి మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుపోతాడు. ఏముందో ఎన్నడూ వినడు. ఇప్పుడే వెళ్లాడు!

బస్టాండ్ వైపు మైకు మోగింది. "పత్తి విత్తనాలు..." మొదటిది. రెండోది కంటి శిబిరం. మూడోది ఇస్రాయేలు గొంతు. బస్టాండ్ చాయ్ హోటల్ ముందే కోమల కారు ఆగి ఉంది.

ఫైల్‌ను చీఫ్‌కు పంపి నిరోష పరుగు తీసింది. నాగేందర్‌కు ఫోన్ కొట్టింది. మైకు హోరులో ఎత్తితేగా!

"...ఉచిత కంటి పరీక్షలు. అందరూ రావాలె!"

ఆటో అందింది. కోమల చాయ్ గ్లాసుతో నాలుగడుగుల దూరంలో ఉంది. స్పీకర్‌లో ఇస్రాయేలు గొంతు గరగరలాడింది.

"నేను..."

నిరోష బ్యాటరీ వైరు పీకేసింది.

"ఏందక్కా! ఇంకా చానా ఉన్నయ్," అన్నాడు నాగేందర్.

"వైరు కాలుతాంది తమ్మీ, జర ఆగు."

కోమల నవ్వింది. "ఈ ఊళ్లో ఏదీ సరిగ్గా పనిచెయ్యదు."

"ఊరు మంచిగనే ఉంది మేడం. పైకెల్లి వచ్చినయే పాడైతయ్."

ఇస్రాయేలు కారు స్టార్ట్ చేశాడు. "పోదామా మేడం?"

కల్వకుర్తి దగ్గర చీఫ్ పంపిన రెండు జీపులు అడ్డం నిలిచాయి. ఇస్రాయేలే దిగి, మర్యాదగా కోమలకు డోర్ తీశాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్. "శభాష్! ఇకనుంచి ఫోల్డర్ పేరు ఇంగ్లిష్‌లో పెట్టుకో."

"పెట్టను సార్. తప్పు నా ఫోల్డర్‌ది కాదు. మీ ప్రోగ్రామ్‌కు తెలుగు నేర్పుండ్రి. చదవరాకుంటే రాదని చెప్పేటట్టు చెయ్యుండ్రి. రేపు నాగేందర్ పెన్‌డ్రైవ్ పెట్టకముందే కావాలె. గీ మన మాటలు సుత రికార్డయితున్నయ్. ఏ ఫోల్డర్ల పడతయో నాకైతే తెల్వదు!"