పిడికిలి చూపించిన రోజు

మా అడవి బాటల్లో నాలుగు చక్రాల మోటారు బండ్ల మీద ఎదురుపడితే నోటితో పలకరించుకోవడం కుదరదు. హెల్మెట్లూ, ఇంజిన్ల మోతానూ. అందుకే చెయ్యెత్తి, వెనక ఇంకా ఎన్ని బండ్లు వస్తున్నాయో అన్ని వేళ్లు చూపిస్తాం. ఎవరూ లేకపోతే పిడికిలి.

జూన్‌లో ఆ శనివారం నేను పిడికిలి చూపించాను. నా వెనక మా ముమ్ము తన బండిలో వస్తోంది. ముమ్ము అంటే మా నాయనమ్మ, డెబ్భై తొమ్మిదేళ్లు. ఎప్పుడూ ఒక్కణ్నే తిరిగే అలవాటు కొద్దీ నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. పైగా వాగు దగ్గర తన బండి ఆపి నిలబడ్డ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకింక లెక్కలేం గుర్తుంటాయి?

నా పిడికిలి నమ్మి ఆ అమ్మాయి ఇసుకలోకి చూస్తూ రోడ్డు మీద మోకాళ్లూని కూర్చుంది. మలుపు తిరిగిన ముమ్ము బ్రేకు తొక్కి, బండిని పొదల్లోకి తిప్పేసింది. ఇద్దరికీ దెబ్బల్లేవు. తిట్లు తినడానికి మిగిలింది నేనే.

"వెనక ఎవరూ లేరన్నారుగా?"

"పొరపాటైంది."

"మీ పొరపాటు గంటకి ముప్ఫై మైళ్ల వేగంతో వచ్చిందండీ."

"ఇరవై," అంది ముమ్ము పొదల్లోంచి. "ఎక్కడ పిల్లా మీది, వంతెన కిందా?"

దక్షిణం నుంచి పెద్ద వంతెన దాటి వచ్చిన ప్రతివాళ్లనీ, కథల్లో భూతాల్లా వంతెన కింద ఉండేవాళ్లని మేం ఏడిపిస్తాం.

"అవునండీ. తాబేళ్ల కోసం వచ్చాను."

పేరు మారెన్. రోడ్డు అంచు ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడుతున్నాయట. ఈ రోడ్డులోకి బండ్లని రానివ్వాలా వద్దా అని గురువారం ఊరి హాల్లో అటవీ శాఖ జనం మాట వింటోంది.

"మూసెయ్యమనే చెప్తాను," అంది నా కళ్లలోకి చూస్తూ.

"తెరిచి ఉంచమని నేను చెప్తాను."

"చెప్పండి. మీకూ మూడు నిమిషాలిస్తారు."

మూసేస్తే ముమ్ముకి బ్లూబెర్రీ పొదలు దక్కవు. తాతయ్యతో కలిసి యాభై ఏళ్లు ఏరిన చోటు అది. ఇప్పుడా మోకాళ్లతో రెండు మైళ్లు నడవలేదు.

గురువారం హాలు కిక్కిరిసింది. మారెన్ తాబేళ్ల గురించి చక్కగా మాట్లాడింది. శనివారం సంగతి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. నన్ను తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

నా వంతొచ్చింది. రాసుకున్న కాగితం జేబులోనే ఉంచేశాను.

"శనివారం నేను తప్పు సైగ చేశాను. మారెన్ గారి ప్రాణం మీదికొచ్చింది. ఆవిడ చెప్పలేదు, నేను చెప్తున్నాను. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో రోడ్డు మూసెయ్యండి. గుడ్లకి ఏ హానీ రాకుండా గూళ్ల మీద తీగ బుట్టలు మా బండ్ల క్లబ్బు బిగిస్తుంది. జూలై ఆఖర్లో తెరవండి. మా ముమ్ము పండ్లు పండేదీ అప్పుడే."

"మమ్మల్ని అడిగావా ఆర్వో?" అన్నాడు క్లబ్బు ప్రెసిడెంట్.

ముమ్ము లేచి నిలబడింది. "నేనడుగుతున్నా. బుట్టలు బిగించడానికి రాని మగాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

బయట వాన. చూరు కింద మారెన్ నా పక్కకొచ్చి నిలబడింది.

"శనివారం సంగతి నేనెందుకు చెప్పలేదో అడగవా?"

'మీరు' ఎప్పుడో వానలో కొట్టుకుపోయింది. "ఎందుకు?"

"చెప్తే రోడ్డు పూర్తిగా మూసేసేవాళ్లు. ఆ దారిన నువ్వింక వచ్చేవాడివి కాదు."

అటవీ శాఖ మా మాటకే ఒప్పుకుంది. జూలై ఆఖరి ఆదివారం ముగ్గురం మూడు బండ్ల మీద పొదల దగ్గరికి వెళ్లాం. దారిలో ప్రెసిడెంట్ ఎదురొస్తే రెండు వేళ్లు ఎత్తి, ఎందుకైనా మంచిదని వెనక్కి తిరిగి చూసుకున్నాను కూడా.

బకెట్ సగం నిండింది. పండ్లు తిని మారెన్ పెదాలు నీలంగా ఉన్నాయి.

"మారెన్, నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఒక్కణ్నే పిడికిలి చూపిస్తూ తిరగడం ఇంక నా వల్ల కాదు."

"అయితే తిరిగెళ్లేటప్పుడు నేను ముందు," అంది మారెన్. "నువ్వు నా వెనకే రా."

ముమ్ము బకెట్ తీసుకుని తన బండెక్కింది.

"వెళ్లండి ఇద్దరూ," అంది. "చివర నేనొస్తా. పిడికిలి ఇక నాది."