రిపోర్టులో రాని నొప్పి

తార్నాకలోని ఆ రెండో అంతస్తు ఇంట్లో పొద్దున్నే ఉప్మా ఘుమఘుమలాడుతోంది. వండిన బాలలక్ష్మి మాత్రం దాన్ని ముట్టలేదు. స్టూలు మీద కూర్చుని, చేత్తో పొట్ట అదిమిపట్టుకుని, కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూస్తోంది. భర్తకూ, కూతురికీ డబ్బాలు కట్టాలి మరి. నొప్పొచ్చిందని డబ్బాలు ఆగుతాయా?

భర్త బిక్షపతి యూనివర్సిటీ హాస్టల్ ఆఫీసులో క్లర్కు. కూతురు నిరోష అదే క్యాంపస్‌లో రీసెర్చి చేస్తోంది. కడుపులో పుండ్లు పుట్టించే ఒక క్రిమి మీద ఆమె పని. ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం వేసి, కడుపు లోపలి పొర నుంచి నువ్వుగింజంత ముక్క తీసి పంపిస్తారు. ల్యాబులో దాన్ని పల్చగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూస్తారు.

కిందటి నెల బాలలక్ష్మి కూడా ఆ గొట్టం మింగింది. తన నొప్పేమిటో తేలుతుందని ఒక ఆశ, కూతురి చదువుకు పనికొస్తుందని ఇంకో ఆశ. తీరా చూస్తే పుండు లేదు, క్రిమి లేదు, అంతా బాగుంది అని రిపోర్టు వచ్చింది. బాగుందంటే సంతోషించాలి కదా! ఆమెకు అసలు కష్టాలు ఆ రోజే మొదలయ్యాయి.

“మళ్ల తినలేదా?” అన్నాడు బిక్షపతి ప్లేటు సింకులో పెడుతూ. “డాక్టర్లే ఏం లేదన్నరు గదనే. ఊకె పొట్ట పట్టుకొని కూసుంటే ఎట్ల?”

“నొస్తే పట్టుకోనా? నాకేమన్న సరదానా?”

బ్యాగు భుజానికి తగిలించుకుంటున్న నిరోష ఆగింది. “అమ్మా, ఆ ముక్కను నా కండ్లతోటి నేనే చూసిన. ఒక్క క్రిమి లేదు. నీ కడుపు నా కడుపుకన్న మంచిగున్నది. నీకంత మనసులనే ఉన్నది.”

“అంటే నేను నాటకాలు చేస్తున్ననా?”

“నేనట్ల అన్ననా?”

“ఇంకెట్లంటరు బిడ్డా?”

గట్టిగా అరిచి పోట్లాడినా బాగుండేది. బాలలక్ష్మి డబ్బా మూత నొక్కి కూతురి చేతిలో పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. నిరోషకు మనసు చివుక్కుమంది. అయినా ఆలస్యమైపోతోందని మెట్లు దిగింది.

ఆ పరీక్షల్లో చేరడానికి వచ్చేవాళ్లను ఆసుపత్రికి పంపేముందు ల్యాబు వరండాలో కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడగాలి. ఆ పని నిరోషదే. ఆ రోజు మెట్టుగూడ నుంచి సారలమ్మ అనే పెద్దావిడ వచ్చింది. అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పే రకం.

“మందులేమన్న వాడుతున్నవా పెద్దమ్మా?”

“ఏం లెవ్వు బిడ్డా. బీపీ లేదు, షుగర్ లేదు. మందులంటేనే నాకు పడది.”

అంటూనే కొంగుముడి విప్పి, చిన్న గోలీ తీసి, సీసాలో నీళ్లతో గుటుక్కున మింగేసింది.

“అయ్యో, గిదేంది? మందులు లెవ్వంటివి గద!”

“గిది మందేంది? గ్యాస్ గోలీ! ఇది ఎవ్వలేసుకోరు?” సారలమ్మ పకపకా నవ్వింది.

నిరోష కూడా నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ గోలీ రోజూ వేసుకుంటుంటే క్రిమి అణిగిపోతుంది, పుండు కూడా పైపైన మానుతుంది. ముక్క తీసి చూసినా చాలాసార్లు ఏమీ దొరకదు. అందుకే రెండు వారాల ముందే ఆపించాలి. ఈ సంగతి నిరోషను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ నెలనెలా కూరగాయలతో పాటు తల్లికి ఆ గోలీలు తెచ్చిచ్చేది కూడా ఆమేనయ్యె! ఇంట్లో ఎవరూ వాటిని మందు అనుకోలేదు, ఉప్పూ చింతపండులా సరుకే అనుకున్నారు. మందులేమన్నా వాడుతున్నావా అని అడిగితే తల్లి లేదంది, తను సరేనంది. అంతే!

ఇదివరకు వచ్చిన వాళ్లందరినీ మళ్లీ అడగాలని, రీసెర్చి చేయిస్తున్న మేడంతో చెప్పి, తండ్రికి ఫోన్ చేసి, నిరోష ఆటో ఎక్కింది.

ఇంట్లో బాలలక్ష్మి మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. కూతుర్ని చూడగానే గబుక్కున లేచి చీర సర్దుకుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడే పడుకోవడం అలవాటు చేసుకుంది పాపం.

“ఏంది బిడ్డా, గిప్పుడొచ్చినవ్? డబ్బా తిన్నవా?”

“అమ్మా, గొట్టం వేసినప్పుడు నువ్వు గ్యాస్ గోలీలు వేసుకుంటున్నవా?”

“రోజూ పరగడుపున వేసుకుంట గద. నువ్వే తెస్తివి.”

“మరి మందులేం లెవ్వంటివి!”

“అది మందా?” బాలలక్ష్మి నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ వెంటనే భయపడింది. “నా వల్ల నీ చదువు ఖరాబయ్యిందా బిడ్డా? మీ మేడం ఏమన్న అన్నదా?”

నిరోష ఇక ఆపుకోలేకపోయింది. కోపం తెచ్చుకోవాల్సిన మనిషి, తన చదువు గురించి భయపడుతోంది! తల్లి ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

“నా చదువుకేం కాలేదమ్మా. నేనే సక్కగ అడగలే. ఆ గోలీ వల్లనే క్రిమి కనపడలేదేమో. డాక్టర్‌తోని మాట్లాడి, గోలీ ఆపి, మళ్ల గొట్టం వేయిద్దాం. నన్ను తిట్టమ్మా, పొద్దుగాల ఎంత మాటన్న!”

ఆఫీసులో సెలవడిగి వచ్చిన బిక్షపతి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. “జావ కాసిస్త. జరంత తాగుతవా?” అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి పొయ్యి ముట్టించని మనిషి!

బాలలక్ష్మి కూతురి తల నిమిరింది.

“గొట్టం మింగుడు కష్టమే. అయినా మింగుత. ఒక్కటి చెప్పు బిడ్డా. ఈసారి గూడ ముక్కల ఏం కనపడకపోతే?”

“వేరే పరీక్షలు చేస్తరమ్మా.”

“పరీక్షల ముచ్చట కాదు. అప్పుడు నొస్తున్నదంటే నమ్ముతవా?”

నిరోష తలెత్తి తల్లి ముఖం చూసింది. “నమ్ముతనమ్మా.”

బిక్షపతి కూడా తలూపాడు.

బాలలక్ష్మి ఇన్నాళ్లకు వాళ్లిద్దరి కళ్లముందే, దాచుకోకుండా, అబ్బా అని మూలుగుతూ మంచం మీద ఒరిగింది.